సామాన్యుల వంశచరిత్ర శోధన: కొండగట్టు పరిసర ఉత్తర తెలంగాణ

వంశచరిత్ర శోధన అంటే ఒక కుటుంబపు పూర్వీకుల పేర్లు, బతికిన ఊళ్లు, చేసిన పనులు, పుట్టిన, చనిపోయిన కాలాలను రాతలో, నోటిమాటలో దొరికే ఆధారాలతో కూర్చడం. రాజులకు, దొరలకు శాసనాలు, ఫర్మానాలు, వంశవృక్షాలు ఉంటాయి. రైతు, నేతగాడు, గీతకార్మికుడు, గొర్లకాపరి, జీతగాడు వంటి సామాన్యుల జాడ మాత్రం వేరే అవసరాల కోసం రాసిన కాగితాల్లో ఉంటుంది. శిస్తు వసూలుకు, కూలి లెక్కకు, బడిలో చేరడానికి, ఓటు వేయడానికి రాసుకున్న పేర్లే వారి చరిత్రకు మూలాలు. ఈ వ్యాసం కొండగట్టు చుట్టుపక్కల ప్రాంతాన్ని, అంటే పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలను ఆధారంగా చేసుకొని ఆ మూలాలను, వాటిని చదివే పద్ధతిని వివరిస్తుంది.

ప్రాంతం, పాలన

కొండగట్టు జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో, ముత్యంపేట దగ్గర ఉన్న ఆంజనేయ క్షేత్రం. తప్పిపోయిన పశువును వెతుకుతూ కొండెక్కిన కొడిమ్యాల పశువుల కాపరి సింగం సంజీవుడికి స్వామి విగ్రహం కనబడిందని స్థలపురాణం చెబుతుంది. ఒక కాపరి పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ వందల ఏళ్లు జనం నోట నిలవడం అరుదు. ఆ కాలపు మిగతా కాపరుల పేర్లు చాలావరకు ఇలా మిగల్లేదు.

పూర్వీకులను వెతికేవారు ముందుగా తెలుసుకోవలసింది ఆ ఊరు ఏ కాలంలో ఏ పాలన కింద ఉన్నదన్న సంగతి. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పేరుతో జిల్లాల పాలన తెచ్చాడు. ఇప్పటి కరీంనగర్ ప్రాంతం అప్పట్లో ఎలగందుల జిల్లా. 1905లో అది కరీంనగర్ జిల్లా అయింది. అదే ఏడాది సిర్పూర్-తాండూరు ప్రాంతం ఆదిలాబాదు జిల్లాగా మారింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో రాజురా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాదు నుంచి విడిపోయాయి, ఇప్పుడవి మహారాష్ట్రలో ఉన్నాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి. ఒకే ఊరి కాగితం 1900లో ఎలగందుల పేరుతో, 1950లో కరీంనగర్ పేరుతో, ఇప్పుడు జగిత్యాల పేరుతో ఉంటుంది. ఈ వరస తెలియకుండా రికార్డు గదికి వెళితే ఎదురుగా ఉన్న కట్టను కూడా గుర్తుపట్టలేరు.

ఊరి హోదా కూడా ముఖ్యమే. నిజాం కాలంలో కొన్ని ఊళ్లు నేరుగా ప్రభుత్వం కింద (ఖాల్సా లేదా దివానీ), కొన్ని నిజాం సొంత ఖర్చులకు (సర్ఫెఖాస్), మరికొన్ని జాగీర్దార్ల చేతిలో ఉండేవి. జాగీరు ఊరి లెక్కలు జాగీర్దారు కచేరీలోనే ఉండేవి. 1949లో జాగీర్ల రద్దు తరవాత అవి ప్రభుత్వానికి చేరినా, అన్నీ ఒకే తీరుగా చేరలేదు.

భాష, లిపి

హైదరాబాదు రాజ్యంలో 1880 దశకం మధ్య వరకు పాలనా భాష పారశీకం, ఆ తరవాత ఉర్దూ. జిల్లా, తాలూకా స్థాయి కాగితాలు ఉర్దూలో, ఎక్కువగా గొలుసుకట్టు శికస్తా రాతలో ఉంటాయి. ఊరి లెక్కలు చూసే పట్వారీ రాసుకున్నవి తెలుగులో ఉండవచ్చు. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో మరాఠీ కాగితాలు కూడా దొరుకుతాయి. ఉర్దూ మాట్లాడటం వచ్చినవారికి కూడా శికస్తా చదవడం రాకపోవచ్చు. పాత కచేరీల్లో పనిచేసి ఆ రాత చదవగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. కాగితాలకు చెద పట్టడం కన్నా ఇదే పెద్ద నష్టం.

కాగితంలో పదే పదే వచ్చే కొన్ని మాటలు తెలిస్తే సగం పని తేలికవుతుంది. 'మౌజె' అంటే గ్రామం. 'సాకిన్' అంటే నివాసి. 'వల్ద్' అంటే తండ్రి ఫలానా. 'జౌజె' అంటే భర్త ఫలానా. 'బేవా' అంటే భర్త చనిపోయిన స్త్రీ. 'విరాసత్' అంటే వారసత్వ మార్పిడి. ఇప్పటికీ ఊళ్లలో తండ్రి పోయాక భూమిని కొడుకుల పేరు మీదికి మార్చుకోవడాన్ని 'విరాసత్ చేయించుకోవడం' అనే అంటారు.

పేర్లు

ఈ ప్రాంతంలో పేర్లు దేవుళ్ల చుట్టూ తిరుగుతాయి. కొండగట్టు అంజన్న మొక్కుతో పుట్టినవాళ్లు అంజయ్య, అంజవ్వ, హనుమంతు. వేములవాడ రాజన్న పేరున రాజయ్య, రాజవ్వ, రాజమల్లు, రాజేశం. ధర్మపురి నరసింహస్వామి పేరున నర్సయ్య, నర్సవ్వ. ఓదెల మల్లన్న పేరున మల్లయ్య, ఓదెలు. గ్రామదేవతల పేరున పోచయ్య, పోచవ్వ, ఎల్లయ్య, ఎల్లవ్వ, మైసయ్య. దీనికి తోడు తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం ఉంది. అందువల్ల ఒకే ఇంట్లో 'మల్లయ్య వల్ద్ రాజయ్య', 'రాజయ్య వల్ద్ మల్లయ్య' అనే పేర్లు తరం విడిచి తరం వస్తాయి. పహాణీలో (ఏటేటా రాసే సాగు లెక్కలో) కనబడిన మల్లయ్య తాతా, తాతకు తాతా అన్నది పేరును బట్టి తేల్చలేం. సర్వే నంబరు, సంవత్సరం, పొరుగు పట్టాదారు పేరు మూడింటినీ కలిపి చూస్తేనే తేలుతుంది.

పాత కాగితాల్లో ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. దాని స్థానంలో కులం, వృత్తి ఉంటాయి: కుమ్మరి లింగయ్య, గొల్ల మల్లయ్య, చాకలి పోచయ్య. ఒకే కుటుంబం ఒక కాగితంలో కులం పేరుతో, మరో కాగితంలో ఇంటిపేరుతో ఉంటే అవి రెండు కుటుంబాలని పొరబడతారు. బడిలో చేర్చేటప్పుడు పంతులు 'మల్లయ్య'ను 'మల్లేశం'గానో 'మల్లారెడ్డి'గానో రాసుకున్న సందర్భాలు కూడా తక్కువేమీ కావు.

భూమి రికార్డులు

ఉత్తర తెలంగాణలో సామాన్యుడి జాడ అన్నింటికన్నా నమ్మకంగా దొరికేది భూమి లెక్కల్లో. నిజాం ప్రభుత్వం 1870 దశకంలో సర్వే, సెటిల్‌మెంటు మొదలుపెట్టి ఊరూరా భూమి కొలిపించింది. ఆ సర్వే ముగిసినప్పుడు తయారైన మూల రిజిస్టరు సేత్వార్. ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, ఖుష్కీనా (మెట్ట) తరీయా (మాగాణి), శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. పొలం కొలతల చిత్తు పటం టిప్పన్, ఊరంతటి పటం నక్షా. తరవాతి పంపకాలకు వసూల్ బాకీ, ఏటా జరిగే మార్పులకు ఫైసల్ పట్టీ చూడాలి. సర్వే కాగితాలు హైదరాబాదు నారాయణగూడలోని సర్వే కార్యాలయంలో, తాలూకా స్థాయివి కలెక్టరేటు, తహసీలు కార్యాలయాల రికార్డు గదుల్లో ఉంటాయి. (చూడండి: సేత్వార్, హైదరాబాదు భూమి శిస్తు చట్టం, 1317 ఫసలీ.)

ఏటేటా పొలం మీద ఎవరున్నారో చెప్పేది పహాణీ. వాటిలో 1954-55 నాటి ఖాస్రా పహాణీకి ప్రత్యేక స్థానం ఉంది. 1358 ఫసలీ (1948-49) నాటి హక్కుల రికార్డు నిబంధనల మేరకు తయారైన ఈ రిజిస్టరును తెలంగాణలో భూమి హక్కుకు పునాదిగా పరిగణిస్తారు. దాని వెంట 1955 నుంచి 1958 వరకు మూడేళ్ల సేసాలా పహాణీ వస్తుంది. ఒక వరసను ఎడమ నుంచి కుడికి చదివితే సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవాడి పేరు, నీటి ఆధారం, పంట కనబడతాయి. పట్టాదారు గడిలో దొర పేరు, సాగుదారు గడిలో 'పోచయ్య వల్ద్ ఎల్లయ్య' అని ఉంటే ఆ ఊరి సంబంధాలు ఆ రెండు గడుల్లోనే తెలిసిపోతాయి. నీటి గడిలో బావి అని ఉంటే ఆ బావి తవ్వినవారెవరని ఊళ్లో అడగవచ్చు. ఆబి, తాబి అని రాసి ఉంటే ఆ పొలానికి రెండు కార్లు వరి పారే నీళ్లు ఉండేవని అర్థం. పూర్వీకుడి ఇంట్లో ఆ ఏడు జొన్న తిన్నారా, వరి తిన్నారా అన్నది కూడా పంట గడి నుంచి ఊహించుకోవచ్చు.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తయారయ్యాయి. పట్టా లేకున్నా పొలం దున్నినవారి పేర్లు అక్కడ చూడాలి. నీరటి, మస్కూరి, సేతుసింధి వంటి ఊరి సేవకుల పేర్లు ఇనాం కాగితాల్లో ఉంటాయి. ఇనాం, వతన్ వారసత్వంపై విచారణ జరిగినప్పుడు మూడు నాలుగు తరాల వంశవృక్షం రాయించేవారు. మామూలు రైతు కుటుంబానికి దొరకనంత వివరం ఒక గుడి పూజారి కుటుంబానికో, నీరటి కుటుంబానికో దొరకడానికి కారణం ఇదే.

రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా మరో విలువైన ఆధారం. తెల్ల కాగితం మీద రాసిన ఈ క్రయపత్రంలో అమ్మినవాడు, కొన్నవాడు, హద్దులు, ధర, సాక్షులు, వేలిముద్రలు ఉంటాయి. అక్షరం రాని పూర్వీకుడు తన శరీరంతో వేసిన గుర్తు ఆ వేలిముద్ర ఒక్కటే కావచ్చు.

ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్లకు మరో రకం రికార్డు ఉంది. 1963 జులై 26న శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్, ఆ తరవాతి దిగువ మానేరు, మధ్య మానేరు జలాశయాల కోసం భూసేకరణ జరిగినప్పుడు పొలాలతో పాటు ఇండ్లను, బావులను, చెట్లను కూడా లెక్కించి పరిహారం అవార్డులు రాశారు. ఊరు నీళ్లలో ఉన్నా, ఇంటి ముందు ఎన్ని చింతచెట్లు ఉండేవో ఆ కాగితం చెబుతుంది.

ఊరి అధికారులు

మాలీ పటేలు శిస్తు, పోలీసు పటేలు శాంతిభద్రతలు, జనన మరణాల నమోదు, పట్వారీ లెక్కలు చూసేవారు. ఈ పదవులు వంశపారంపర్యం. 1984లో ప్రభుత్వం వీటిని రద్దు చేసినప్పుడు కొన్ని లెక్కలు కార్యాలయాలకు చేరాయి, కొన్ని పట్వారీల ఇండ్లలోనే ఉండిపోయాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల గడీలలోని పత్రాలు, పట్వారీ లెక్కలు తగలబెట్టిన ఊళ్లున్నాయి. ఆ కాగితాలే అప్పులకు, వెట్టికి ఆధారం కాబట్టి వాటిని కాల్చడం అప్పటి జనానికి విముక్తి. ఇప్పుడు ఆ ఊళ్లలో తాతల పేర్లు వెతికేవారు ఆ ఖాళీని దాటి పోవాలి.

కాలగణన

పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. హైదరాబాదు రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదట్లో, ఆజుర్ మాసంతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తుశకం వస్తుంది. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబరు నుంచి. జనవరి తరవాతి తేదీలకు 591 కలపాలి. ఇప్పటి రెవెన్యూ ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి పాత, కొత్త పద్ధతులను కలపకూడదు.

ముసలివాళ్లు తేదీలు చెప్పరు, గుర్తులు చెబుతారు: రజాకార్ల కాలం, గత్తర వచ్చిన ఏడు, కరువు, గోదావరి పుష్కరాలు. 'రజాకార్లు వచ్చినప్పుడు చంకల పిల్ల' అంటే 1947-48 నాటికి ఏడాది రెండేళ్ల వయసు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి: 1991, 2003, 2015. వెనక్కి లెక్కిస్తూ 1979, 1967 దాకా పోవచ్చు. తెలుగు సంవత్సరం పేరు తెలిస్తే మరీ మంచిది, అయితే అరవయ్యేళ్ల చక్రం వల్ల రెండు జవాబులు వస్తాయి. ఖర నామ సంవత్సరం 1891 కావచ్చు, 1951 కావచ్చు. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీ పంతులు అంచనా వేసి రాసినది కావచ్చు. ఒకే తరగతిలో చాలామంది జూన్‌లోనో జులైలోనో ఒకే తేదీన పుట్టినట్టు ఉంటే దాన్ని పుట్టిన తేదీగా తీసుకోకూడదు.

జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు

హైదరాబాదు రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. భారతదేశంలో జనాభా లెక్కల్లో రాసిన వ్యక్తుల వివరాలు రహస్యం కాబట్టి వాటిలో పూర్వీకుల పేర్లు దొరకవు. ఊరి జనసంఖ్య, కులాల లెక్కలు నేపథ్యానికి పనికివస్తాయి. 1951-52 సార్వత్రిక ఎన్నికలతో మొదలైన ఓటర్ల జాబితాల్లో పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. భూమి లేని కుటుంబాలకు ఇవి మొదటి మెట్టు. జనన మరణాల నమోదుకు 1969 చట్టం ఉన్నా, ఇంట్లో కాన్పులు జరిగిన ఊళ్లలో నమోదు చాలా ఏళ్లు అరకొరగానే సాగింది.

పని, వలస

నేతగాళ్లు, కూలీలు బొంబాయి, షోలాపూర్, భివండి, సూరత్‌లకు పోయారు. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి పోయిన కామాటి కూలీల వల్లే వచ్చింది. 1970 దశకం నుంచి గల్ఫ్ వలస మొదలైంది. మిల్లు సర్వీసు కార్డు, భవిష్యనిధి చీటీ, పాత పాస్‌పోర్టు ఇంటి పెట్టెలోనే దొరుకుతాయి. పాస్‌పోర్టు మీది ముద్రలను వరసగా పేర్చితే ఒక మనిషి ఇంటికి ఎన్నేళ్లకోసారి వచ్చాడో, ఏ బిడ్డ పెండ్లికి రాలేకపోయాడో తెలుస్తుంది.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనిలలోని సింగరేణి గనుల్లో చేరినవారికి సర్వీసు రిజిస్టరు, గనుల చట్టం కింద ఉంచే ఫారం-బి రిజిస్టరు ఆధారాలు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, వేలిముద్ర వాటిలో ఉంటాయి. సింగరేణిలో 'మారుపేర్లు' అనే సమస్య బహిరంగంగా తెలిసినదే. ఊళ్లో ఒక పేరు, గనిలో మరో పేరుతో పనిచేసినవారి పిల్లలు వారసత్వ ఉద్యోగాల సమయంలో ఇబ్బంది పడ్డారు. తాత పేరు సింగరేణి కాగితంలో దొరకకపోతే ఆయన అక్కడ పనిచేయలేదని తేల్చేయకూడదు. ఇంట్లో వాళ్లను మారుపేరు అడగాలి.

నోటి చరిత్ర: ఆశ్రిత కులాలు

కాగితానికి సమానమైన మరో వ్యవస్థ తెలంగాణలో ఉంది. ఒక్కో కులానికి దాని పుట్టుక, గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే ఆశ్రిత కులం ఉంటుంది. కాపులకు పిచ్చకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. పిచ్చకుంట్ల పేరును ప్రభుత్వం 'వంశరాజ్'గా మార్చడం వారి వృత్తికి తగినదే. ప్రతి కుటుంబానికి తిరిగే హక్కున్న ఊళ్లు, అంటే మిరాశీ, వేరువేరుగా ఉంటాయి. ఏళ్లకోసారి వచ్చి కులపురాణం చెబుతారు, కొందరు పటం పరిచి చెబుతారు. అడిగితే దాత ఇంటి పెద్దల పేర్లు అప్పజెబుతారు. ఈ పేర్లలో పురాణం ఎక్కడ ముగిసి కుటుంబం ఎక్కడ మొదలవుతుందో గమనించాలి. దగ్గరి మూడు నాలుగు తరాలను కాగితంతో పోల్చి చూడవచ్చు, ఆపైది కులం తన గురించి తాను చెప్పుకునే కథ.

ఆదిలాబాదు గోండులకు ఈ పని చేసేవారు ప్రధాన్లు, తోటీలు. కింగ్రీ అనే తీగవాద్యం వాయిస్తూ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల (గోత్ర సమూహాల) వంశకథలు చెబుతారు. 1940ల్లో మార్లవాయిలో ఉండి అధ్యయనం చేసిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద పుస్తకం ప్రచురించాడు. కెస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం కొత్త కోడళ్లను దేవుడి ముందుకు తెచ్చి పరిచయం చేసే 'భేటింగ్' తంతు ఉంది. అది అయ్యాకే కోడలు వంశంలో పూర్తిగా కలిసినట్టు. దాన్ని రాతలో కాకుండా పెద్దల కళ్లముందు జరిగే పెండ్లి నమోదు అనవచ్చు. (చూడండి: ప్రధాన్లు, గుంజాల గోండి లిపి.)

ఇంటి, గుడి, మసీదు, చర్చి ఆధారాలు

పెత్రామాస (పెద్దల అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాలి. ఏటా ఒకరోజు ఇంటి యజమాని మూడు తరాలను గుర్తు చేసుకునేది ఇక్కడే. ఆ రోజు పక్కన కూర్చుని రాసుకుంటే చాలు.

పెండ్లిలో కట్నాలు రాసిన నోటు పుస్తకాన్ని చాలామంది పట్టించుకోరు. వచ్చినవారి ఊరు, ఇంటిపేరు, పేరు, ఇచ్చిన రూపాయలు వరసగా ఉంటాయి. తిరిగి పెట్టాలి కాబట్టి జాగ్రత్తగా రాస్తారు, దాచుకుంటారు. నలభై ఏళ్ల కిందటి పుస్తకం ఒకటి దొరికితే ఆ ఇంటి బంధువులున్న ఊళ్ల పటం గీయవచ్చు. ఎవరికీ గుర్తులేని మేనత్త ఊరు అందులోనే బయటపడవచ్చు.

ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరి నిఖా సియాహాలు (పెండ్లి పత్రాలు), క్రైస్తవులకు చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ఉంటాయి. కాశీ, గయ, ప్రయాగలలో పండాలు యాత్రికుల పేర్లు రాసే బహీలు ఉత్తర భారత కుటుంబాలకు పెద్ద ఆధారం. హరిద్వార్ బహీలను యూటా వంశచరిత్ర సంస్థ మైక్రోఫిల్మ్ తీసింది. కోస్తా జిల్లాల నుంచి మారిషస్, నాటాల్‌లకు పోయిన తెలుగువారికి ఓడ జాబితాలు, వలస పత్రాలు ఉన్నాయి. నిజాం రాజ్యపు ఈ జిల్లాల వారు ఆ ఓడల్లో అంతగా పోలేదు కాబట్టి ఇక్కడి శోధన భూమి వైపే తిరుగుతుంది.

శోధన క్రమం

బతికున్న పెద్దవాళ్లతో మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి పోవడం సురక్షితం. ఊరు, ఇంటిపేరు, పొలం గుర్తు ('చెరువు కింది మడి', 'గుట్ట కాడి చెలక') తెలిస్తే సర్వే నంబరు పట్టుకోవచ్చు. నంబరు దొరికాక ఇప్పటి రికార్డు నుంచి పాస్‌బుక్కు, పహాణీ, ఖాస్రా, సేత్వార్ దాకా వరసగా వెనక్కి నడవాలి. నకలుకు తహసీలు కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చు, సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. 2020లో వచ్చిన ధరణి భూమి రికార్డుల పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి ఇప్పటి హక్కుకు ఉపయోగపడుతుంది. పాత తరాలకు రికార్డు గదే దిక్కు. నిజాం కాలపు పైస్థాయి దస్తావేజులు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. ఒక్క కాగితాన్ని నమ్మకూడదు. పేరు, ఊరు, కాలం, బంధం నాలుగూ కనీసం రెండు వేర్వేరు ఆధారాల్లో కలవాలి.

స్త్రీల జాడ

పట్టాలు పురుషుల పేరునే ఉండటం వల్ల స్త్రీలు పాత కాగితాల్లో 'జౌజె'గానో 'బేవా'గానో కనబడతారు. భర్త పోయి, పిల్లలు చిన్నవాళ్లైతేనే ఆమె పేరు పట్టాదారు గడిలోకి వచ్చేది. ఆమె తల్లిగారి ఊరు ఏ పహాణీలోనూ ఉండదు. దానికి కట్నాల పుస్తకాన్ని, తల్లిగారింటి ముసలివాళ్లనే అడగాలి. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించిన ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ సవరణ చట్టం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చాక పంపకాల కాగితాల్లో వారి పేర్లు రావడం పెరిగింది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో వేలాది మంది స్త్రీలకు తమ సొంత పేరుతో వచ్చిన తొలి కాగితం బీడీ కార్ఖానాది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 1977లో బీడీ పరిశ్రమకు భవిష్యనిధి వర్తించడం వల్ల ఒక్కో కార్మికురాలికి సంఖ్య, పాస్‌బుక్కు, చేరిన తేదీ వచ్చాయి. రోజుకు ఎన్ని వందల బీడీలు చుట్టిందో, ఏ నెల ఆకు తక్కువ ఇచ్చారో, ఎప్పుడు ప్రసవానికి పని ఆపిందో ఆ పుస్తకంలోని అంకెలు చూపుతాయి. తడి చేతులతో తిప్పిన అంచులు, తంబాకు మరకలు ఉన్న అలాంటి పుస్తకం ఇంటి అటక మీద దొరికితే దాన్ని పట్టా కాగితాలతో పాటే భద్రపరచాలి.